ఎకో పార్కులో ఎనిమిదో వింత

కోల్‌కతా న్యూ టౌన్‌కు లోటేమిటి చెప్పండి! తాజ్‌మహల్ చూడాలంటే ఆగ్రా దాకా పోనక్కర్లేదు, ఎకో పార్కులోనే ఉంది. దానికి తోడు ఈజిప్టు పిరమిడ్డు, రోము కొలోసియం, చైనా గోడ, జోర్డాన్ పెట్రా, బ్రెజిల్ క్రీస్తు విగ్రహం, ఈస్టర్ దీవి రాతి మనుషులు. ప్రపంచయాత్ర ఒక్క పూటలో అయిపోతుంది. పార్కు విస్తీర్ణం 480 ఎకరాలు. బయటికొస్తే విశ్వ బంగ్లా గేటు, ఆ గేటు మధ్యన గాల్లో వేలాడే రెస్టారెంటు. పార్కుకి దగ్గర్లోనే మదర్ థెరిసా పేరు మీద మైనపు బొమ్మల మ్యూజియం. 2014 నుంచి సినిమా తారలూ క్రికెట్ వీరులూ అందులో చల్లగా నిలబడి ఉన్నారు. బయట వైశాఖపు ఎండ ఎంత మండినా వాళ్ళ ముక్కు మీంచి ఒక్క చుక్క కారదు. మైనం ఒంటి వేడి విషయంలో ఈ దేశం ఎన్నడూ అశ్రద్ధ చేయలేదు.

ఇంత ముచ్చటైన ఊళ్ళో ఎనిమిదో వింతకు జాగా లేకపోతుందా? పార్కును నడిపే హిడ్కో వారికి నాదొక చిన్న విన్నపం. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డు ఒకటి ఎకో పార్కులో పెట్టించండి. ఆస్పత్రిలో కాదు, పార్కులోనే, పిరమిడ్డుకీ పెట్రాకీ నడుమ. అద్దాల గది, లోపల పన్నెండు పడకలు, బయట టికెట్టు కౌంటరు. పెద్దలకు యాభై, పిల్లలకు పాతిక, పార్కింగు అదనం. ఆరోగ్యం మా శాఖ కాదంటారేమో. నిజమే. ఆ శాఖ కింద ఉన్నన్నాళ్ళూ ఈ పిల్లల గతి ఏమైందో చూశాం గనకే వినోదం పద్దు కిందికి బదిలీ చేయమంటున్నాను.

ఇది నా బుర్రలో పుట్టిన పిచ్చి అనుకునేరు. దీనికి పాత దాఖలా ఉంది. మార్టిన్ కౌనీ అని ఒకాయన. డాక్టరునని చెప్పుకునేవాడు గానీ పట్టా ఉన్నట్టు ఆధారమేదీ దొరకలేదు. 1903 నుంచి 1943 దాకా న్యూయార్కు కోనీ ఐలండ్ జాతర మైదానంలో, రంగులరాట్నాల పక్కన, నెలలు నిండని పిల్లల్ని అద్దాల పెట్టెల్లో ఉంచి చూపించాడు. టికెట్టు పాతిక సెంట్లు. అప్పట్లో అమెరికా ఆస్పత్రులు ఆ పిల్లల మీద ఆశ వదిలేసుకున్నాయి. కౌనీ తల్లిదండ్రుల దగ్గర దమ్మిడీ పుచ్చుకోలేదు. జనం కొన్న టికెట్ల డబ్బుతోనే మంచి నర్సుల్ని పెట్టాడు, పాలిచ్చే తల్లుల్ని పెట్టాడు, ఆ తల్లులు తిండి విషయంలో అడ్డదిడ్డంగా ఉంటే ఉద్యోగంలోంచి పీకేశాడు. బిడ్డ ఎంత చిన్నదో జనానికి తెలియడానికి ఒక నర్సు తన వేలి ఉంగరం తీసి బిడ్డ మణికట్టుకు గాజులా తొడిగి చూపించేది. ఎనిమిది వేల మందిలో ఆరున్నర వేల మందిని బతికించానని ఆయన చెప్పుకున్నాడు. ఆ లెక్కలో సగం కోత కోసినా, మన ఆస్పత్రి సూపరింటెండెంటు పత్రికల వాళ్ళకు చెప్పే లెక్కకంటే చెవికి ఇంపుగానే ఉంటుంది.

1911 మే నెలలో కోనీ ఐలండ్‌లోని డ్రీమ్‌లాండ్ పార్కు తగలబడి బూడిదైంది. నర్సులు పిల్లల్ని ఎత్తుకుని బయటికి పరుగెత్తారు. అద్దాల పెట్టెల్లోని బిడ్డలందరూ బతికారు. జాతర కొట్టంలో, నూరేళ్ళ కిందట!

ఇక మన శాస్త్రీయ, ఆధునిక, ప్రభుత్వ గుర్తింపు పొందిన వార్డుల సంగతి. 2021 జనవరి 9 తెల్లవారకముందే మహారాష్ట్ర భండారా జిల్లా ఆస్పత్రిలో నవజాత శిశువుల వార్డు అంటుకుంది. 17 మందిలో 10 మంది పోయారు. 2024 మే నెలలో ఢిల్లీ వివేక్ విహార్‌లోని ఒక ప్రైవేటు శిశు ఆస్పత్రి కాలింది. అయిదు పడకలకిచ్చిన లైసెన్సు, అదీ మార్చితోనే చెల్లిపోయింది, లోపల పన్నెండు మంది పిల్లలు. ఏడుగురు పోయారు. అదే ఏడాది నవంబరు 15న ఝాన్సీ మెడికల్ కాలేజీ వార్డు కాలింది. ఆ రాత్రే పది మంది పోయారు. తెల్లారేసరికి ఉప ముఖ్యమంత్రి వస్తున్నారని ఆస్పత్రి దారి పొడుగునా సున్నం చల్లి సిద్ధం చేశారు. ఆయనే అది తప్పుపట్టి చర్య తీసుకోమనాల్సి వచ్చింది. లోపల మసి, బయట సున్నం. మన పరిపాలనకు ఇంతకంటే రంగుల జెండా అక్కర్లేదు.

కనుక, అయ్యలారా, పార్కే క్షేమం. పార్కులో మంటలు లేస్తే టికెట్ల రాబడి పోతుందని ఫైర్ ఇంజను ముందే వచ్చి నిలబడుతుంది.

న్యూ టౌన్‌లో పునాది తీసే మేస్త్రీల, ఫ్లాట్లలో గిన్నెలు తోమే పనమ్మాయిల ఇళ్ళల్లో ఎనిమిదో నెలకే కాన్పైతే, బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఫూల్‌బాగాన్ బి.సి.రాయ్ పిల్లల ఆస్పత్రి దారి పడతారు. బిధాన్ చంద్ర రాయ్ సామాన్యుడు కాదు. పెద్ద డాక్టరు, ముఖ్యమంత్రి. ఆయన పుట్టిందీ పోయిందీ జులై 1నే, ఆ రోజునే దేశమంతా డాక్టర్ల దినోత్సవం చేసుకుంటుంది. 2011లో ఆ పండగ ముంగిట, జూన్ ఆఖరున, ఆయన పేరున్న ఆస్పత్రిలోనే రెండు రోజుల్లో 18 మంది పసివాళ్ళు పోయారు. 2002లోనూ అక్కడ ఇలాగే గగ్గోలు రేగింది. అప్పుడు సచివాలయమైన రైటర్స్ బిల్డింగులో ఒక రంగు జెండా, 2011లో ఇంకో రంగు. జవాబు మటుకు ఒకటే: పిల్లలు బరువు తక్కువ, కింది ఆస్పత్రులవాళ్ళు ఆఖరి నిమిషంలో తోసేశారు, మా నిర్లక్ష్యం ఏమీ లేదు. మన ఊళ్ళల్లో ముసలమ్మలు ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అనేవారు. ఆ మూఢనమ్మకాన్ని పోగొట్టడానికే కదా ఇన్ని మెడికల్ కాలేజీలు కట్టుకున్నది! ఇప్పుడు ఆ ముసలమ్మ మాటే లెటర్‌హెడ్ మీద, సీలు వేసి, ఇంగ్లీషులో వస్తోంది.

బెంగాల్‌కు ఈ పని చేతకాదనడం అన్యాయం. దేశానికే నేర్పింది బెంగాల్. 2003లో పురులియా జిల్లా ఆస్పత్రిలో డాక్టర్ అరుణ్ సింగ్ ఆధ్వర్యంలో నవజాత శిశువుల వార్డు ఒకటి మొదలైంది. పురులియా అంటే రాళ్ళ నేల, కరువు జిల్లా. డాక్టర్లు రారు, వచ్చినా నిలవరు. అందుకని చుట్టుపక్కల చదువుకున్న ఆడపిల్లల్ని తీసుకుని ఆరు నెలలు శిక్షణ ఇచ్చి పిల్లల సేవకు పెట్టారు. ఒంటి వేడి కాపాడటం, పాలు పట్టడం, చేతులు కడుక్కోవడం, పసిరికల బిడ్డకి లైటు కింద చోటివ్వడం. మొదటి ఏడాదే జిల్లాలో నెల లోపు పిల్లల మరణాలు 14 శాతం, రెండో ఏడాదికి 21 శాతం తగ్గాయి. ఆ లెక్కలు కట్టి ప్రచురించిన వాళ్ళలో దిలీప్ మహలనబిస్ ఒకరు. 1971 యుద్ధంలో బన్‌గావ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పోయించి కలరా నుంచి వేలమందిని కాపాడిన ఆయనే. బన్‌గావ్ ఉన్నదీ న్యూ టౌన్ ఉన్నదీ ఒక్క ఉత్తర 24 పరగణాల జిల్లాలోనే. ఉప్పు నీళ్ళ డ్రమ్ముకి మాత్రం ఎకో పార్కులో నకలు లేదు. ఉండదు కూడా. దాని ముందు నిలబడి సెల్ఫీ ఎవడు దిగుతాడు?

పురులియా పద్ధతే తర్వాత దేశమంతా పాకి ఇప్పుడు వందల వార్డులైంది. 2011 గగ్గోలు తర్వాత బెంగాల్ ప్రభుత్వమూ జిల్లా జిల్లాకీ ఇలాంటివి తెరిచింది. 2020 లెక్కల్లో అక్కడ వెయ్యి జననాలకు ఏడాది లోపు పిల్లల మరణాలు 19. దేశం సగటు 28. మన తెలంగాణ 21, ఆంధ్రప్రదేశ్ 24. వెక్కిరించబోయి మనమే వెనకబడి ఉన్నామని తేలింది, ఏం చేస్తాం!

మరి దారి తెలిసి, చేసి చూపించి, మరణాలు తగ్గించి కూడా వార్డులో బిడ్డను వెచ్చగా ఉంచే ఒక్క వార్మర్ మీద ఇద్దరేసి ముగ్గురేసి బిడ్డలు ఎందుకు పడుకుంటున్నారు? కారణం చిన్నది. వార్మర్‌కి రిబ్బను కట్టవచ్చు, నర్సుకు కట్టలేం. వార్మర్ కొంటే టెండరు, టెండరుంటే కాంట్రాక్టరు, కాంట్రాక్టరుంటే ప్రారంభోత్సవం, ప్రారంభోత్సవముంటే శిలాఫలకం. నర్సును వేస్తే వచ్చేదల్లా నెలనెలా జీతం ఖర్చు. పైగా ఆమె ముప్పై ఏళ్ళు పనిచేసినా ఒక్క పలకమీద కూడా మంత్రిగారి పేరు కనపడదు.

రాత్రి డ్యూటీలో ఉన్న ఒక సిస్టరును తీసుకోండి. నియమాల పుస్తకం ప్రకారం ఒక్కో షిఫ్టుకి మూడు నాలుగు పడకలకు ఒక నర్సు ఉండాలి. ఆమెకు పన్నెండు మందిని అప్పజెప్పారనుకుందాం. ఒక్కో బిడ్డ దగ్గర ముందు చేతులు కడుక్కోవాలి. ఒంటి వేడి చూడాలి. తడి గుడ్డ మార్చాలి. బయట వరండాలో తల్లి పిండి పంపిన పది మిల్లీలీటర్ల పాలను ఉగ్గుగిన్నెతో చుక్కచుక్కగా పట్టాలి. మింగలేని బిడ్డకైతే ముక్కు గొట్టంలోంచి వదలాలి. సూది గుచ్చిన చోట వాపుందేమో చూడాలి. అన్నీ కేస్‌షీటులో రాయాలి. ఎంత చురుకైన మనిషికైనా పావుగంట పడుతుంది. పన్నెండు మందికి మూడు గంటలు. పాలు పట్టాల్సింది మాత్రం రెండు గంటలకోసారి. ఈ రెండింటికీ మధ్య తేలిన గంట ఎక్కణ్ణుంచి వస్తుందో ఆర్థిక శాఖకి తెలియదు, సిస్టరుకి తెలుసు: చేతులు కడుక్కునే నిమిషాల్లోంచి వస్తుంది. చెయ్యి కడగకపోతే ఒక బిడ్డ ఒంటి మీది క్రిమి రెండో బిడ్డకి ఎక్కుతుంది. వారం తర్వాత విచారణ కమిటీ వచ్చి ఇన్‌ఫెక్షను మూలం అంతుబట్టలేదని రాసుకుపోతుంది.

ఇంతలో ఏడో పడకలో వాడు ఊపిరి తీయడం మర్చిపోతాడు. నెలలు నిండని పిల్లలకు అదొక అలవాటు. మెదడు ఇంకా పూర్తిగా తయారు కాలేదు కదా, నడుమ నడుమ పదిహేను ఇరవై సెకన్లు ఊపిరి ఆపేస్తారు. లక్షలు పోసి కొన్న మానిటరు కుయ్‌కుయ్‌మంటుంది. అది చేయగలిగింది అంతే. చాలాసార్లు వాడికి కావలసింది అరికాలి మీద తట్టే ఒక వేలు. తడితే ఉలిక్కిపడి మళ్ళీ ఊపిరి తీస్తాడు. ఆ వేలు ఆ క్షణాన పదకొండో పడక దగ్గర ఉగ్గుగిన్నె పట్టుకుని ఉంటుంది. మానిటరుకు ఏటేటా మెయింటెనెన్స్ కాంట్రాక్టు ఉంటుంది. వేలికి కాంట్రాక్టు లేదు, ఖాళీల భర్తీ నోటిఫికేషను మాత్రం పెండింగులో ఉంటుంది.

ఇంకో వేడి యంత్రముంది. కరెంటు అక్కర్లేదు, విడిభాగాలు అక్కర్లేదు, జర్మనీ నుంచి తెప్పించనక్కర్లేదు. దాన్ని వార్డు తలుపు బయట వాచ్‌మన్ అదిలిస్తుంటాడు. దాని పేరు తల్లి. 1978లో కొలంబియా దేశం బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక, ఒక్కోదాంట్లో ఇద్దరు ముగ్గురిని కుక్కాల్సి వచ్చి, డాక్టర్ ఎడ్గార్ రే పిల్లల్ని తల్లుల ఛాతీకి అంటించి కట్టించాడు. కంగారూ పద్ధతి అని పేరొచ్చింది. పేదవాళ్ళ చిట్కాలే అని పెద్ద దేశాలు చాలాకాలం చప్పరించాయి. 2021లో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ సహా అయిదు దేశాల ఆస్పత్రుల్లో 3,211 మంది బిడ్డల మీద జరిగిన పరీక్ష ఫలితం వచ్చింది. ముందు వార్మర్‌లో ఉంచి, నిలకడ వచ్చాక తల్లికిచ్చిన పిల్లల్లో నెల లోపు పోయింది 15.7 శాతం. పుట్టిన వెంటనే తల్లి ఛాతీ మీదికి చేరిన వాళ్ళలో 12 శాతం. తేడా ఎంత స్పష్టంగా ఉందంటే పరీక్షను మధ్యలోనే ఆపేశారు. మరుసటి ఏడు ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వెంటనే తల్లికి ఇవ్వండి అని చెప్పింది. దీనికి కావలసింది బిడ్డ పక్కన తల్లికి ఒక మంచం. ఆ మంచానికి చోటు లేదంటారు. 480 ఎకరాల పార్కున్న ఊళ్ళో!

అంతకంటే చవకైన సంగతి మరొకటి. నెలలు నిండకుండా నొప్పులొస్తే తల్లికి డెక్సామెథసోన్ సూది ఆరు మిల్లీగ్రాముల చొప్పున పన్నెండు గంటలకొకటి, నాలుగు వేస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా ముదురుతాయి. న్యూజీలాండ్‌లో గొర్రె పిల్లల మీద మొదలైన ఈ ఆలోచన 1972కే మనుషుల్లో రుజువైంది. 2020లో భారత్ సహా అయిదు దేశాల్లో మళ్ళీ రుజువైంది. నాలుగు సూదుల ఖరీదూ కలిపితే పార్కు ముందు అమ్మే ఎగ్ రోల్ ధర దరిదాపుల్లో ఉంటుంది. కష్టమల్లా అదే. ఇంత చవకది ఎవరికి గిట్టుబాటు? కమీషను దారంత సన్నంగా కూడా రాదు.

డబ్బున్నవాళ్ళకి ఈ గొడవ లేదు. న్యూ టౌన్‌లో అద్దాల ప్రైవేటు ఆస్పత్రులున్నాయి. బిడ్డ గ్రాముల్లో పెరుగుతుంటే బిల్లు కిలోల్లో పెరుగుతుంది. ఐటీ పార్కుల్లో చేరిన మన తెలుగు జంటలు కూడా ఇన్సూరెన్సు పరిమితి దాటిన రోజున ఊరికి ఫోను చేసి అమ్మ గాజుల సంగతి అడుగుతారు.

ఇదంతా బెంగాల్ గొడవే అని కాలు మీద కాలేసుకుని చదువుతున్న తెలుగు పాఠకులారా, గుంటూరుకు రండి. 2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో ఆపరేషన్ కోసం చేర్చిన పదిరోజుల బిడ్డను ఎలుకలు కొరికాయి. బిడ్డ పోయాడు. రెండు నెలలు తిరక్కుండానే, అక్టోబరు 22 విజయదశమి నాడు, అదే జిల్లాలో ఉద్దండరాయునిపాలెంలో అమరావతి శంకుస్థాపన. ప్రధానమంత్రి పార్లమెంటు ఆవరణ మట్టీ యమున నీళ్ళూ తెచ్చారు. ఎలుకల బోను ఎవరూ తేలేదు. పదేళ్ళకు, 2025లో, ఇండోర్ పెద్దాసుపత్రి నవజాత వార్డులో ఇద్దరు పసివాళ్ళను మళ్ళీ ఎలుకలు కొరికాయి, ఇద్దరూ పోయారు. ఎలుక కాటు వల్ల కాదు, వేరే జబ్బు వల్ల అని ఆస్పత్రి వివరణ. ఊరటగానే ఉంది. ఎవరికి పుట్టిన బిడ్డో ఎక్కెక్కి ఏడుస్తోంది అనుకోవడంలో మాత్రం బెంగాలీలకూ హిందీవాళ్ళకూ మనకూ మధ్య ఏ భాషాభేదమూ లేదు.

ప్రపంచంలో నెలలు నిండని కాన్పులు అన్నిటికంటే ఎక్కువ మనవే. 2020లో సుమారు 30 లక్షలు. ఏటా నవంబరు 17న వీళ్ళ పేరు మీద ప్రపంచ దినం ఉంది, దానికి ఊదారంగు. విశ్వ బంగ్లా గేటుకు ఆ రాత్రి ఊదా దీపాలు పెడితే బ్రహ్మాండంగా ఉంటుంది. ఖర్చు చూసుకుంటే రెండు వార్మర్లూ నలుగురు నర్సుల జీతమూ రావచ్చు. ఆ లెక్క వేయకండి, దీపాల అందం చెడుతుంది.

కనుక ఎనిమిదో వింతకు టెండరు పిలవండి. షరతులు నాలుగే. పిరమిడ్డుకి ఉన్నంతమంది కాపలాదార్లు పిల్లలకు నర్సులుగా ఉండాలి. మైనపు బొమ్మలకున్నంత నమ్మకమైన కరెంటు ఉండాలి. తల్లులకు టికెట్టు లేదు, వాచ్‌మన్ లేడు, లోపలే మంచం. నాలుగోది ప్రారంభోత్సవానికి వచ్చే పెద్దల కోసం: మంత్రి, కార్యదర్శి, బడ్జెటు రాసే అధికారి. వాళ్ళ దగ్గర డబ్బు తీసుకోవద్దు. కత్తెరా రిబ్బనూ ఇవ్వొద్దు. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా ఒక్కొక్కరికి పన్నెండు పడకలు అప్పజెప్పి, ఒక ఉగ్గుగిన్నె చేతికిచ్చి, తలుపు వేసి రండి. ఆ ఒక్క కౌంటరు దగ్గర క్యూ ఉండదని నేను హామీ ఇస్తున్నాను.